మాట్లాడి మార్పు తెచ్చిన నాయకుడు: బరంపురం బిడ్డ వి.వి. గిరి

బరంపురం పట్టణంలో గిరి రోడ్డు మీదుగా నిత్యం వేలాది మంది రాకపోకలు సాగిస్తుంటారు. ఆ పేరు గల మహనీయుడు భారత రాష్ట్రపతి పదవిని అలంకరించారన్న సంగతి పట్టణవాసులలో చాలామందికి తెలుసు. కాని రాష్ట్రపతి భవనం చేరుకోవడానికి ముందు ఆయన తన జీవితంలో అధిక భాగాన్ని ఏ పనికి వెచ్చించారో తెలిసినవారు తక్కువ. యజమానులకూ పనివారికీ మధ్య సంభాషణ ఆగిపోయినప్పుడు దానిని తిరిగి మొదలు పెట్టించడమే ఆ పని. ఒక సంస్థలో మార్పు రావలసినప్పుడు దాని వలన నష్టపోబోయే వారితో ముందుగా మాట్లాడాలనీ, పైనుండి వచ్చే ఉత్తర్వు ఆ సంభాషణకు ప్రత్యామ్నాయం కాజాలదనీ వరాహగిరి వేంకటగిరి జీవితాంతం విశ్వసించారు. ఆ విశ్వాసం ఆయనకు విజయాలను ఇచ్చింది. ఒక సందర్భంలో కేంద్ర మంత్రి పదవిని వదులుకునేటట్లు కూడా చేసింది.

రెండు భాషల పట్టణంలో బాల్యం

గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. ఆనాడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో అంతర్భాగం. చిలకా సరస్సు సమీపం నుండి శ్రీకాకుళం ప్రాంతం వరకు విస్తరించిన ఆ జిల్లాలో ఒడియా, తెలుగు భాషలు ఇరుగుపొరుగుగా వర్ధిల్లాయి. తండ్రి జోగయ్య పంతులు పేరు పొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో చురుకుగా పాల్గొన్న వనిత. శాసనోల్లంఘన కాలంలో మద్యపాన వ్యతిరేక ఆందోళనకు నాయకత్వం వహించి ఆమె అరెస్టయ్యారు. సమాజానికి సంబంధించిన విషయాలను పదిమందిలో చర్చించడం ఆ ఇంటి అలవాటు.

పాఠశాల చదువు, ఖల్లికోట కళాశాల చదువు బరంపురంలోనే సాగాయి. ఆయన పసితనంలోనే తూర్పు తీరపు రైలుమార్గం ఈ ప్రాంతానికి వచ్చింది. 1902లో ఈ మార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతికి వెళ్ళింది. మరొక వైపు గోపాలపూర్ రేవు నుండి గంజాం కూలీలు ఓడలెక్కి బర్మాకు వలస పోయేవారు. పని కోసం ఊరు విడిచి వెళ్ళే మనుషులు, వారిని పనిలోకి తీసుకునే పెద్ద పెద్ద సంస్థలు ఆనాటి గంజాం జీవితంలో భాగమే. భవిష్యత్తులో గిరి గారి కార్యరంగం అదే అయింది.

డబ్లిన్ నగరం నేర్పిన పాఠం

1913లో గిరి గారు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండు వెళ్ళారు. ఆయన చేరిన సంవత్సరమే డబ్లిన్ నగరంలో చరిత్రాత్మకమైన లాకౌట్ జరిగింది. కార్మిక సంఘాన్ని విడిచిపెడితేనే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. సుమారు 20 వేల మంది కార్మికులు నెలల తరబడి పని లేక, కూలి లేక అలమటించారు. 1914 ఆరంభంలో వారు ఓడిపోయి పనిలోకి తిరిగి వెళ్ళారు. ఆ కార్మికుల నాయకులలో జేమ్స్ కొనోలీ ఒకరు. ఆయన ప్రభావం గిరి గారిపై గాఢంగా పడింది.

ఆ రోజులలో దక్షిణాఫ్రికాలోని భారతీయులు పడుతున్న అవమానాల గురించి డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం ప్రచురించారు. దానితో పోలీసుల దృష్టి వారిపై పడింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. కొనోలీనీ, గిరి గారికి ఆంగ్లం బోధించిన ఆచార్యుడు టామస్ మెక్‌డొనానూ బ్రిటిషు ప్రభుత్వం కాల్చి చంపించింది. అదే సంవత్సరం గిరి గారు బారిస్టరు పట్టా పొందారు. వెంటనే దేశం విడిచి వెళ్ళవలసిందిగా ఆయనకు తాఖీదు అందింది.

బరంపురం తిరిగి వచ్చి న్యాయవాద వృత్తి ప్రారంభించారు. అనీ బిసెంట్ నడిపిన హోంరూల్ ఉద్యమంలో చేరారు. 1920లో గాంధీజీ పిలుపు విని వృత్తిని విడిచిపెట్టారు. 1922లో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ఆందోళన చేసి జైలుకు వెళ్ళారు. బయటకు వచ్చిన తరువాత ఆయన ఎంచుకున్న రంగం రైల్వే కార్మికోద్యమం.

రైల్వే కార్మికుల గొంతుక

ఆనాటి రైల్వే కంపెనీ ఒక చిన్న సామ్రాజ్యం వంటిది. పై ఉద్యోగాలలో యూరోపియన్లు, వారి క్రింద ఆంగ్లో ఇండియన్లు, అడుగున భారతీయ కార్మికులు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులలో తెలుగువారు, ఒడియావారు, బెంగాలీలు, హిందీవారు పక్క పక్కనే పనిచేసేవారు. పై అధికారికి చెప్పుకోవాలంటే ఎవరికి వారు అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీకి సమాధానం వస్తే వచ్చినట్లు, లేకపోతే లేనట్లు. 1926లో చట్టం వచ్చేవరకు కార్మిక సంఘాలకు చట్టపరమైన రక్షణ లేదు.

అటువంటి పరిస్థితులలో గిరి గారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరయ్యారు. పదేళ్ళకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో మద్రాసులో జరిగిన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. 1927లో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

యుద్ధానంతరం ప్రభుత్వం వ్యయాన్ని తగ్గించే మార్గాలు వెదికింది. ఇంచ్‌కేప్ కమిటీ రైల్వేలలో పొదుపు పాటించాలని సిఫారసు చేసింది. ఆ పొదుపు భారం చివరకు పనివారి తొలగింపుగా మారింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులలో ఎంతోమంది ఉద్యోగాలు కోల్పోయారు. సంస్థకు మార్పు అవసరమా కాదా అన్నది ఒక ప్రశ్న. ఆ మార్పును ఎవరిని అడిగి నిర్ణయించారన్నది రెండవ ప్రశ్న. కంపెనీ మొదటి ప్రశ్నకు తన సమాధానం తాను చెప్పుకుంది. రెండవ ప్రశ్నను అసలు పట్టించుకోలేదు.

1927, 1928 సంవత్సరాలలో గిరి గారి నాయకత్వాన సాగిన పోరాటం ఈ రెండవ ప్రశ్నను ముందుకు తెచ్చింది. సమ్మెలో హింసకు తావు ఇవ్వరాదన్నది ఆయన నియమం. హింస జరిగితే అవతలి పక్షానికి మాట్లాడకుండా తప్పించుకునే సాకు దొరుకుతుంది. చివరకు ప్రభుత్వం, కంపెనీ యాజమాన్యం కార్మికుల కోర్కెలను పరిగణనలోకి తీసుకోక తప్పలేదు. సమ్మెను ఆయన గెలుపు ఓటముల యుద్ధంగా భావించలేదు. మాట వినని వారిని వినేటట్లు చేసే ఆఖరి సాధనంగానే దానిని వాడారు.

ఈ వైఖరి తోటివారందరికీ నచ్చలేదు. 1929లో బ్రిటిషు ప్రభుత్వం కార్మిక సమస్యల పరిశీలనకు విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్‌ను నియమించింది. దానిని బహిష్కరించాలని ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌లో అధిక సంఖ్యాకులు తీర్మానించారు. కమిషన్ ముందుకు వెళ్ళి కార్మికుల కష్టాలు వినిపించడమే మేలని గిరి, ఎన్.ఎం. జోషి వంటివారు భావించి, విడిపోయి వేరొక సమాఖ్య స్థాపించారు. కార్మికోద్యమం చీలిపోయింది. ఆ చీలిక పూడడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ప్రత్యర్థితో మాట్లాడటానికి సిద్ధపడిన నాయకుడు తన పక్షాన్ని ఒక్కటిగా నిలుపుకోలేకపోవడం ఆయన జీవితంలో మొదటి పెద్ద లోటు.

మంత్రిగా మొదటి అనుభవం

1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో గిరి గారు పారిశ్రామిక కార్మికుల ప్రతినిధి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అందులో చేరగా, గంజాం దక్షిణ భాగం మద్రాసు రాజధానిలో మిగిలింది. గిరి గారి జన్మస్థలం ఒక రాష్ట్రానికి, రాజకీయ క్షేత్రం మరొక రాష్ట్రానికి చెందాయి. 1937 ఎన్నికలలో ఆయన జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజాను ఓడించి దేశమంతటా పేరు పొందారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించారు.

నిన్నటి వరకు బల్లకు ఒక వైపు కూర్చున్న మనిషి ఇప్పుడు మధ్య కుర్చీలోకి వచ్చారు. అయినా ధోరణి మార్చుకోలేదు. వివాదం ముదిరి వీధిన పడక మునుపే ఇరు పక్షాలను కూర్చోబెట్టడం, కర్మాగారంలోనే పరిష్కారం వెదకడం ఆయన పద్ధతి. 1939లో భారతీయులతో మాట మాత్రమైనా సంప్రదించకుండా బ్రిటన్ ఈ దేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. గిరి గారు మళ్ళీ జైలు పాలయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో మరి మూడేళ్ళు వెల్లూరు, అమరావతి జైళ్ళలో గడిపారు.

1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో తిరిగి మంత్రి అయ్యారు. 1947 నుండి 1951 వరకు సిలోనులో భారత తొలి హైకమిషనరుగా పనిచేశారు. అక్కడ 1948లో వచ్చిన పౌరసత్వ చట్టం లక్షలాది భారతీయ సంతతి తోట కార్మికులను ఏ దేశానికీ చెందనివారిగా చేసింది. వినదలచుకోని ప్రభుత్వం ముందు మాట ఎంత బలహీనమో అక్కడ ఆయనకు స్వయంగా తెలిసివచ్చి ఉండాలి.

గిరి విధానం

1952 ఎన్నికలలో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వివాదాన్ని ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు పంపవచ్చు. ట్రిబ్యునల్ చెప్పినది ఇరు పక్షాలకూ శిరోధార్యం. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. గిరి గారు దీనిలోని లోపాన్ని ఎత్తిచూపారు.

తీర్పు వచ్చినప్పుడు ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు. కాని మరునాడు ఇద్దరూ అదే కర్మాగారంలో కలిసి పనిచేయాలి. ఓడినవాడు తీర్పును పాటిస్తాడు గాని మనసులో అంగీకరించడు. పైగా ట్రిబ్యునల్ ఉన్నదన్న ధైర్యంతో ఇరు పక్షాలూ బేరసారాలకు కూర్చోవడం మానేస్తాయి. సంఘాలు సభ్యులను కూడగట్టడం కంటే వకీళ్ళను వెదకడంలో నిమగ్నమవుతాయి. వివాదం ఏళ్ళ తరబడి సాగుతుంది.

అందుకు బదులుగా ఆయన సూచించిన క్రమానికే గిరి విధానమని పేరు వచ్చింది. మొదట సంస్థ లోపలనే, యాజమాన్య ప్రతినిధులూ కార్మిక ప్రతినిధులూ గల కమిటీలో మాట్లాడుకోవాలి. అక్కడ తేలకపోతే రాజీ అధికారి సాయం తీసుకోవాలి. అప్పటికీ తేలకపోతే ఇరు పక్షాలూ ఇష్టపడి ఎన్నుకున్న మధ్యవర్తి నిర్ణయానికి కట్టుబడాలి. నిర్బంధ తీర్పు అన్నింటికంటె చివరిది. 1952లో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో ఈ ఆలోచనలపై విస్తృతంగా చర్చ జరిగింది.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే వ్యతిరేకత అన్ని వైపుల నుండి వచ్చింది. మొదటి పంచవర్ష ప్రణాళిక నడుస్తున్న వేళ ఉత్పత్తి ఆగితే ఎట్లా అని ఇతర మంత్రిత్వ శాఖలు సందేహించాయి. బలహీనమైన సంఘాలు కూడా భయపడ్డాయి. బలమున్నవాడికే బేరం లాభిస్తుంది, తమకు ట్రిబ్యునలే దిక్కు అన్నది వారి వాదన. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఒక్కొక్క కర్మాగారంలో నాలుగైదు సంఘాలు ఉన్న దేశంలో ఎవరితో మాట్లాడాలన్నదే పెద్ద చిక్కు. మాట్లాడుకోవడానికి రెండు పక్షాలకూ కొంత సమాన బలం ఉండాలన్న షరతును గిరి విధానం పూర్తిగా పరిష్కరించలేకపోయింది.

మాట కోసం వదులుకున్న పదవి

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. అప్పీలు మీద కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ 1954 ఏప్రిల్‌లో తన నిర్ణయం ప్రకటించింది. ఆగస్టులో ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా సవరించింది. గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఇందులో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. ట్రిబ్యునళ్ళ పద్ధతి ఆయనకు నచ్చనిది. అయినా ఒక ట్రిబ్యునల్ తీర్పును నిలబెట్టడం కోసమే ఆయన పదవి వదిలారు. ఇరు పక్షాలనూ తీర్పుకు కట్టుబడమని చెప్పిన ప్రభుత్వం, తీర్పు తనకు అసౌకర్యంగా ఉన్నప్పుడు దానిని మార్చివేస్తే ఇకపై ఆ ప్రభుత్వపు మాటను ఎవరు నమ్ముతారు? నమ్మకం పోయిన చోట ఏ చర్చా సాగదు. తన విధానం ఓడినా ఫరవాలేదు గాని, ఇచ్చిన మాట ఓడరాదని ఆయన తలచారు. అనంతరం నియమితమైన గజేంద్రగడ్కర్ కమిషన్ సిఫారసుల మీద 1955లో చట్టం వచ్చి, అప్పీలు ట్రిబ్యునల్ నిర్ణయం చాలావరకు తిరిగి అమలులోకి వచ్చింది.

పదవిలో లేని కాలంలో ఆయన పారిశ్రామిక సంబంధాల మీద, భారత పరిశ్రమలలో కార్మిక సమస్యల మీద గ్రంథాలు రచించారు. 1957 ఎన్నికలలో పార్వతీపురం నుండి ఓటమి ఎదురైంది. ఆ సంవత్సరమే ఉత్తర ప్రదేశ్ గవర్నరుగా నియమితులై, తరువాత కేరళ, మైసూరు రాష్ట్రాలలోనూ ఆ పదవి నిర్వహించారు. ఈలోగా 1958లో అమలులోకి వచ్చిన పరిశ్రమల క్రమశిక్షణ నియమావళి పరస్పర చర్చలకు, స్వచ్ఛంద మధ్యవర్తిత్వానికి పెద్ద పీట వేసింది. మంత్రిగా ఆయన చేయలేకపోయిన పనిలో కొంత భాగం ఆయన వెళ్ళిపోయాక జరిగింది.

రాష్ట్రపతి భవనంలో

1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న జాకిర్ హుసేన్ మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యత మీద పడింది. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదిలిన పదిహేనేళ్ళకు ఆ బ్యాంకుల యాజమాన్యమే ఆయన సంతకంతో మారిపోయింది. మరునాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. కాంగ్రెసు అధికార అభ్యర్థి మరొక తెలుగువారు, నీలం సంజీవరెడ్డి. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన పిమ్మట గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 విలువ గల ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యంలో పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టు ముందు సాక్ష్యమిచ్చారు. ఎంత పెద్ద స్థానంలో ఉన్నా అడిగినవారికి సమాధానం చెప్పాలన్న పాత సంఘ నాయకుడి అలవాటు అక్కడ కనిపిస్తుంది. కోర్టు ఆయన ఎన్నికను సమర్థించింది.

అయితే రాష్ట్రపతిగా ఆయన ప్రధాని ఇందిరాగాంధీ నిర్ణయాలను ప్రశ్నించలేదన్న విమర్శ బలంగా ఉంది. 1970లో విదేశీ పర్యటనలో ఉండగా కీవ్ నగరంలోనే ఉత్తర ప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించే పత్రం మీద సంతకం చేయడం అందుకు ఉదాహరణగా చెబుతారు. అంతకంటె కఠినమైన పరీక్ష 1974 మేలో వచ్చింది. ఆయన స్థాపకులలో ఒకరైన రైల్వే కార్మికుల సమాఖ్యకు ఆనాటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. చర్చలు ముగియకుండానే మే 2న ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసింది. మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్త సమ్మె జరిగింది. వేలాది కార్మికులు జైళ్ళకు వెళ్ళారు, ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. ఖరగ్‌పూర్‌లో కార్మికుల పక్షాన నిలిచిన మనిషి రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే ఈ అణచివేత జరగడం చరిత్రలోని విషాదం. మంత్రివర్గ సలహా మేరకు నడవవలసిన పదవి అది. అత్యున్నత స్థానానికి చేరిన నాయకుడికి మాట్లాడించే అవకాశం తగ్గిపోవచ్చునని ఆ సంఘటన చెబుతుంది.

నేటికీ మిగిలిన పాఠం

1974 ఆగస్టులో పదవీ విరమణ చేసిన గిరి గారికి 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ సంస్థ లోపలి వర్క్స్ కమిటీకి, యాజమాన్యంతో చర్చించే గుర్తింపు సంఘానికి స్థానం ఉంది. ఎవరితో మాట్లాడాలన్న ఆనాటి చిక్కుకు చట్టం ఇంకా సమాధానం వెదుకుతూనే ఉన్నది.

నేడు గంజాం యువకులు రంగూనుకు బదులు సూరత్ మరమగ్గాలకు వెళుతున్నారు. ఇక్కడి బ్యాంకులలో, బడులలో, కార్యాలయాలలో కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు వస్తూనే ఉన్నాయి. మార్పు తరచుగా ఒక సర్క్యులర్ రూపంలో వస్తుంది. ఎందుకు వచ్చిందో, దానివలన ఎవరికి ఏ కష్టం కలుగుతుందో చెప్పేవారు ఉండరు. పై అధికారి అయినా, సంఘ నాయకుడైనా, బడిలో ప్రధానోపాధ్యాయుడైనా గిరి గారి జీవితం నుండి గ్రహించవలసినది క్లుప్తంగా చెప్పవచ్చు. నిర్ణయానికి ముందే మాట్లాడాలి. ఎదుటివారి మాట వినడానికి తన పక్షాన్ని కూడా సిద్ధం చేయాలి. ఇచ్చిన మాట నిలుపుకోలేని రోజున కుర్చీ దిగడానికి వెనుకాడరాదు.

బరంపురం తన వీధికి ఆయన పేరు పెట్టుకుని గౌరవించింది. ఆ వీధిలోని ప్రతి దుకాణంలో, ప్రతి కార్యాలయంలో యజమానీ పనివాడూ ఎదురెదురుగా కూర్చుని తమ సమస్యలను మాట్లాడుకోగలిగిన నాడు ఆ గౌరవం సంపూర్ణమవుతుంది.